మంట పెట్టింది సన్‌స్క్రీనేనా?

ప్రశ్న: నాకు 37 ఏళ్ళు. ఖమ్మం జిల్లాలో ఓ పల్లెటూరి ప్రైమరీ స్కూల్లో టీచర్ని. రోజూ స్కూటీ మీద పోను 18 కిలోమీటర్లు, రాను 18. బాబు పుట్టాక రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. ఎండకు ముదురుతుందని అందరూ అంటుంటే రెండు నెలల నుంచి సన్‌స్క్రీన్ రాస్తున్నాను. రాసిన ఐదు నిమిషాలకే బుగ్గలు మండుతున్నాయి. చెమట పడితే కళ్ళల్లోకి దిగి నీళ్ళు కారుతున్నాయి. టెక్సస్‌లో ఉండే మా అక్క వీడియో కాల్‌లో ట్యూబు మీద పేర్లు చదివి, "ఇవన్నీ కెమికల్స్, రక్తంలో కలుస్తాయి, హవాయిలో నిషేధించారు, వెంటనే పారెయ్" అంది. సరేనని జింక్ ఆక్సైడ్ ఉన్నది కొన్నాను. అది రాస్తే మొహం బూడిద పూసినట్టు ఉంటోంది, స్కూల్లో పిల్లలు నవ్వుతున్నారు. పైగా అదీ కొంచెం మండుతూనే ఉంది. ఈ మధ్య సబ్బు పెట్టినా చురుక్కుమంటోంది. మంగుకు మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఏడు నెలలుగా రాత్రిపూట రాస్తున్నాను, మొదట్లో బాగా తగ్గింది. మా పాప ఎనిమిదో తరగతి. అది కూడా నా సన్‌స్క్రీనే రాసుకుంటోంది. ఈ కెమికల్స్ నిజంగా ప్రమాదమా? మానెయ్యమంటారా?

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది సన్‌స్క్రీన్ గురించే అయినా, నా కన్ను మాత్రం చివర్లో మాటవరసకు రాసిన వాక్యం దగ్గర ఆగిపోయింది. అదే, ఏడు నెలల మంగు క్రీము సంగతి. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ అక్కగారు అన్నవాటికి జవాబు చెప్పాలి. ఆవిడ మాటల్లో నిజం లేకపోలేదు. అది మీ మొహానికి ఎంతవరకు వర్తిస్తుందో చూద్దాం.

కెమికల్ సన్‌స్క్రీన్ అని వాడుకలో పేరు పడింది గానీ, జింక్ ఆక్సైడ్ కూడా ఫ్యాక్టరీలో తయారయ్యే రసాయనమే. తేడా ఎక్కడంటే, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ సన్నటి పొడులు, వీటినే మినరల్ అంటారు. అవి క్రీములో కరగవు, చర్మం మీద పొరలా ఉండిపోతాయి. మీ మొహం బూడిద పూసినట్టు కనబడింది అందుకే. కెమికల్ అనేవి క్రీములో కరిగిపోతాయి, రాసుకుంటే రంగు కనబడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కాస్త వేడిగా మార్చి వదిలేస్తాయి. ఆ వేడికే మొహం మండుతుందని ఒక ప్రచారం ఉంది. ఖమ్మం ఎండలో మొహానికి తగిలే వేడి ముందు అది లెక్కలోకి రాదు. మినరల్ పొడులు అద్దంలా కిరణాలను వెనక్కి కొడతాయనేది ఇంకో ప్రచారం. అవి కూడా చాలావరకు పీల్చుకునే పని చేస్తాయి, వెనక్కి కొట్టేది చాలా కొంచెం.

ఇక ట్యూబు మీది పేర్లు. ఒకే పదార్థానికి రెండేసి పేర్లుండటంతో చదివినవాళ్ళకు కంగారు సహజం. బెంజోఫినోన్-3 అని ఉంటే అది ఆక్సీబెంజోన్. ఇథైల్‌హెక్సిల్ మెథాక్సీసినమేట్ అంటే ఆక్టినాక్సేట్. బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అని నోరు తిరగని పేరు కనిపిస్తే అది అవోబెంజోన్. వీటిని ఒకే గాటన కట్టకూడదు. గొడవంతా ఎక్కువగా మొదటిదాని చుట్టూనే.

రక్తంలో కలుస్తాయా? కలుస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళే 2019లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. 24 మందికి ఒంట్లో నాలుగింట మూడు వంతుల మేర, రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులపాటు సన్‌స్క్రీన్ దట్టంగా పట్టించారు. తర్వాత రక్తం తీసి చూస్తే, పరీక్షించిన నాలుగు పదార్థాలూ ఎంతో కొంత కనిపించాయి. ఆక్సీబెంజోన్, అవోబెంజోన్ వాటిలో ఉన్నాయి. మిల్లీలీటరుకు సగం నానోగ్రాము (గ్రాములో వంద కోట్లో వంతు నానోగ్రాము) దాటితే మరిన్ని భద్రతా పరీక్షలు కావాలన్నది వాళ్ళ నియమం. అన్నీ ఆ గీత దాటాయి. అవోబెంజోన్ లాంటివి కొన్ని నానోగ్రాముల దగ్గర ఆగితే, ఆక్సీబెంజోన్ మాత్రం రెండు వందల దాకా వెళ్ళింది.

వార్తల్లో ఇక్కడే తిరకాసు వచ్చింది. ఆ గీత దాటితే విషం అని కాదు, ఇంకా పరీక్షించాలి అని మాత్రమే అర్థం. అదే సంస్థ, సన్‌స్క్రీన్ వాడటం మానొద్దని ఆ రోజే చెప్పింది. ఆ మాట వాట్సాప్‌లో మన దాకా రాలేదు. పైగా ముఖం, మెడ కలిపితే ఒంట్లో పదో వంతు కూడా ఉండవు. మీరు రాసేది రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. సముద్రపు ఒడ్డున ఒళ్ళంతా పూసుకుని పడుకునేవాళ్ళ లెక్క వేరు, చీర కట్టుకుని మొహానికి రాసుకునే మీ లెక్క వేరు.

అయినా మీ అక్కగారిని తప్పుపట్టను. అమెరికాలో 2019లో వచ్చిన ప్రతిపాదనలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండింటినే పూర్తి భరోసాతో సరే అన్నారు. ఆక్సీబెంజోన్‌తో సహా 12 పదార్థాలకు ఇంకా వివరాలు కావాలన్నారు. అక్కడ బతికేవాళ్ళు మినరల్ వైపు మొగ్గడం సబబే. ఐరోపా వాళ్ళు 2022లో నిషేధం జోలికి పోకుండా పరిమితి పెట్టారు: ఆక్సీబెంజోన్ ముఖానికి, చేతులకు రాసేవాటిలో 6 శాతం, ఒళ్ళంతా రాసేవాటిలో 2.2 శాతం మించకూడదని. ఎలుకలకు ఆక్సీబెంజోన్ తినిపించినప్పుడు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను లాంటి ప్రభావం కనిపించడం ఈ జాగ్రత్తలకు ఒక కారణం. ఆ ఎలుకలకు పెట్టిన మోతాదు మనిషి ఒంట్లోకి సన్‌స్క్రీన్ ద్వారా చేరాలంటే దశాబ్దాలు పడుతుందని తర్వాత లెక్కగట్టారు. నా మట్టుకు నేను, ఆక్సీబెంజోన్ లేనివి బోలెడు దొరుకుతున్నప్పుడు వెతికి మరీ అది ఉన్నది కొననక్కర్లేదంటాను. ఇదివరకే రాసుకున్నదానికి మాత్రం టెన్షన్ పడకండి.

హవాయి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అక్కడ 2021 జనవరి నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం ఆపింది సముద్రంలోని పగడపు దిబ్బలను కాపాడుకోవడానికి. మనుషుల చర్మానికి దాంతో సంబంధం లేదు. మీ స్కూలు దారిలో పగడపు దిబ్బలు లేవు కదా.

ఈ కెమికల్ ఫిల్టర్ల మేలు గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నాంబూర్ అని ఒక ఊరుంది. మన గుంటూరు పక్కన ఉన్న నంబూరు కాదులెండి. 1992లో అక్కడ 1,621 మందిని ఎంచి, సగం మందికి రోజూ సన్‌స్క్రీన్ రాయమని ఇచ్చారు, మిగతావాళ్ళను వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. నాలుగున్నరేళ్ళ తర్వాత చూస్తే రోజూ రాసినవాళ్ళలో ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తక్కువ, చర్మం ముడతలు పడి ముదరడం కూడా బాగా తక్కువ. వాళ్ళకు ఇచ్చిన లోషన్‌లో ఉన్నవి ఏమిటనుకున్నారు? ఆక్టినాక్సేట్, అవోబెంజోన్. మీ అక్కగారు పారెయ్యమన్న పేర్లే. వాళ్ళు తెల్లతోలు మనుషులు, మన చామనఛాయ వాళ్ళకు చర్మ క్యాన్సర్ భయం తక్కువ. మనకు సన్‌స్క్రీన్‌తో పని పడేది మీలాగా మంగు, మొటిమల తర్వాత నల్ల మచ్చలు, ఎండ పడని చర్మం ఉన్నప్పుడు.

ఇప్పుడు అసలు విషయం, మంట. సన్‌స్క్రీన్‌తో చర్మానికి వచ్చే చికాకులు అన్నీ ఒకటి కావు. రాసిన నిమిషాల్లో చురచుర మండి, కడిగితే తగ్గేది ఒకటి. దీన్ని చర్మం చిరాకు పడటం అనుకోండి. అలర్జీ దీనికి పూర్తిగా వేరు. రాసిన ఒకటి రెండు రోజులకు గానీ రాదు, మంట కన్నా దురద ఎక్కువ, చిన్న నీటి పొక్కులు, వాపు, పొట్టు రాలడం ఉంటాయి. ఇంకొకటి విచిత్రమైనది: రాసుకున్నంత మాత్రాన ఏమీ కాదు, దాని మీద ఎండ పడితేనే దద్దుర్లు లేస్తాయి. ఆక్సీబెంజోన్‌కు ఈ విషయంలో చెడ్డపేరు ఉంది. అమెరికాలో చర్మపు అలర్జీలు చూసే వైద్యుల సంఘం దాని కుటుంబాన్ని 2014 సంవత్సరపు అలర్జీ కారకంగా ప్రకటించింది కూడా. మోకాళ్ళ నొప్పులకు కీటోప్రొఫెన్ జెల్ వాడి దానివల్ల దద్దుర్లు వచ్చినవాళ్ళకైతే ఆక్సీబెంజోన్, ఆక్టోక్రైలీన్ అనే ఇంకో సన్‌స్క్రీన్ కెమికల్ రెండూ పడకపోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ జెల్ వాడుతుంటే గుర్తుంచుకోండి. ఇంతా చెప్పాక ఒక మాట: సన్‌స్క్రీన్ పడలేదని వచ్చేవాళ్ళలో చాలామందికి పడనిది అందులోని సెంటు, పాడవకుండా కలిపే పదార్థాలు.

మీది ఏ రకం? ఐదు నిమిషాల్లో మంట అన్నారు. కాబట్టి అలర్జీ లక్షణం తక్కువ. మినరల్ రకం జింక్ ఆక్సైడ్ కూడా మండింది అన్నారు. సబ్బూ మండుతోంది. జింక్ ఆక్సైడ్ అంటే చెమటకాయలకు రాసే కాలమైన్ లోషన్‌లో ఉండేదే, పసిపిల్లల క్రీముల్లో ఉండేదే. ఇంత సాధువైన పదార్థం కూడా మండుతోందంటే గొడవ ట్యూబులో లేదు, చర్మంలో ఉంది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, మనం సన్‌స్క్రీన్‌ను తిడుతున్నాం.

ఆ మంగు క్రీము డబ్బా తీసి పేర్లు చూడండి. మెడికల్ షాపుల్లో మంగుకు చేతికిచ్చేవాటిలో మూడు మందుల కలయికే ఎక్కువ: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్. ఈ మూడింటి జత ఊరికే పుట్టలేదు. 1975లో అమెరికాలో క్లిగ్మన్, విల్లిస్ అనే ఇద్దరు వైద్యులు ఇలాంటి మూడు మందులు కలిపి నల్ల మచ్చలకు రాసి చూపించారు. మంచి మందే, డాక్టరు లెక్కపెట్టి కొద్ది వారాలు వాడిస్తే. అమెరికాలో ఇదే కోవలో ఆమోదం పొందిన క్రీము ఎనిమిది వారాలకు మించి వాడొద్దని రాసి ఉంటుంది. అందులో కలిపే స్టెరాయిడ్ కూడా మనదాని కంటే మెత్తనిది.

లోపల జరిగేది ఇది. హైడ్రోక్వినోన్ రంగు తయారీని ఆపుతుంది. ట్రెటినోయిన్ పై పొరను తొందరగా ఊడేలా చేస్తుంది, ఆ ఊడటంలో మంట పుట్టకుండా స్టెరాయిడ్ అణచిపెడుతుంది. మొదటి నెలలో మొహం నిగనిగలాడుతుంది, పక్కింటివాళ్ళు ఏం రాస్తున్నావని అడుగుతారు. మూడు నాలుగు నెలలు గడిచేసరికి స్టెరాయిడ్ వల్ల చర్మం పల్చబడుతుంది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు కనబడతాయి, లేని మొటిమలు వస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఎండలోకి వెళ్తే మొహం కందిపోతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డా వేడెక్కుతుంది. రెండు రోజులు క్రీము మానేస్తే మొహం ఎర్రగా పొంగి మంగు రెట్టింపై తిరిగొస్తుంది, భయపడి మళ్ళీ రాస్తారు. ఈ మొహాలు నేను ప్రతి ఓపీలో చూస్తాను. ఖాళీ ట్యూబుల్ని రుమాలులో మూటగట్టి తెచ్చిన ఆవిడ ఒకరు, "మంచిదని నేనే మా ఆడపడుచుక్కూడా ఇచ్చానండీ" అని ఏడ్చేసింది. స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మడం మీద 2018లో కేంద్రం కట్టడి పెంచింది. కౌంటర్ దగ్గర పరిస్థితి మీకు తెలిసిందే.

మీ క్రీములో ఈ పేర్లే ఉంటే, ఈ మాట చదివి ఇవాళే పారెయ్యకండి. ఏడు నెలలు రాసినదాన్ని ఒక్కసారిగా ఆపితే మొహం మంట పుట్టి, మీరు మళ్ళీ దాన్నే పట్టుకుంటారు. ఈ వారంలోనే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఖమ్మంలోనే ఉంటారు, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఆ ట్యూబు, రెండు సన్‌స్క్రీన్లు, మొహానికి వాడే సబ్బుతో సహా సంచిలో వేసుకుని వెళ్ళండి. మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు, మధ్యలో వచ్చే ఎరుపుకు వేరే మందు ఇస్తారు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. అన్నాళ్ళూ మంగు గురించి అద్దం ముందు లెక్కలు వద్దు.

డాక్టరు దగ్గర ఇంకో రెండు సంగతులు మీరే గుర్తుచేయండి. మీ 18 కిలోమీటర్ల దారి పక్కన వయ్యారిభామ ఉండే ఉంటుంది. ఆ కలుపు మొక్క పొడి గాలిలో ఎగిరి మొహం మీద పడి దద్దుర్లు తెస్తుంది, ఎండలో మరీ పెట్రేగుతుంది. కనురెప్పలు, మెడ మడతలు, చెవుల వెనక, మోచేతుల మడతల్లో కూడా దురద ఉంటే అనుమానం దాని మీదికి పోవాలి. ఎన్నో ఏళ్ళుగా ఎండ పడదనుకున్న రైతులకు చివరికి తేలింది ఈ వయ్యారిభామే. రెండోది, తలకు రంగు వేస్తుంటే అది. నుదుటి అంచున, చెవుల మీద మొదలయ్యే దురదకు అదే మూలం కావచ్చు.

అప్పటిదాకా ఎండకు ఏం చేయాలంటారా? మంట తగ్గేదాకా సన్‌స్క్రీన్ కన్నా గుడ్డను నమ్ముకోండి. దట్టమైన నూలు చున్నీ మొహానికి చుట్టి, పైన అద్దం ఉన్న హెల్మెట్ పెట్టుకోండి. పల్చటి షిఫాన్ ముక్క పనికిరాదు, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే అవతలిది కనబడకూడదు. స్కూలు ఆవరణలో గొడుగు వేసుకోవడానికి మొహమాటపడకండి.

మంట తగ్గాక కొనాల్సింది ఈసారి రంగు కలిపిన మినరల్ సన్‌స్క్రీన్. దీనికి కారణం ఉంది. మంగును ముదిర్చేది అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, కంటికి కనబడే వెలుగు, అందులోనూ నీలి వెలుగు కూడా. తెల్ల జింక్ క్రీమైనా, కెమికల్ సన్‌స్క్రీనైనా దాన్ని సరిగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. మరేం లేదు, తుప్పు రంగే. కాలమైన్‌కు ఆ గులాబీ రంగు కూడా దానిదే, అలాగని కాలమైన్ సన్‌స్క్రీన్‌గా పనికిరాదు. డబ్బా మీద ఐరన్ ఆక్సైడ్ అనో, 77491, 77492, 77499 అంకెలో ఉంటే అదే. ఎస్‌పీఎఫ్, అంటే ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 30 కానీ 50 కానీ చాలు. 30 అయితే కాల్చే కిరణాల్లో 97 శాతం ఆగుతాయి, 50 అయితే 98. ఆ ఒక్క శాతానికి రెట్టింపు డబ్బు పెట్టడం మీ ఇష్టం. సెంటు లేనిది చూసుకోండి. మీ ఒంటి రంగుకు దగ్గరి ఛాయ దొరికితే బూడిద బాధ తప్పుతుంది, పిల్లలకు నవ్వే అవకాశమూ పోతుంది.

కొన్న వెంటనే మొహానికి పట్టించకండి. మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత మేర, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే మొహం. ఎండ పడితే వచ్చే అలర్జీ మాత్రం ఈ పరీక్షలో దొరకదు, దానికి డాక్టర్లు వేరే పరీక్ష చేస్తారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికి, మెడకు సరిపోతుంది. మనవాళ్ళు బటానీ గింజంత రాసి పనిచేయలేదంటారు. బయలుదేరడానికి పావుగంట ముందు రాయండి. మధ్యాహ్నం బయట డ్యూటీ ఉన్న రోజు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, తరగతి గదిలో ఉన్న రోజు అంత అవసరం లేదు. కళ్ళ మంటకు మందు తేలిక: కనుబొమల పైన, రెప్పల మీద రాయడం మానెయ్యండి. హెల్మెట్‌లో చెమట నుదుటి మీది క్రీమును కళ్ళల్లోకి దించుతుంది. కరిగే కెమికల్ ఫిల్టర్లు ఇందులో ముందుంటాయి. ఆ చోటుకు చలవ అద్దాలు చాలు.

ఇక మీ పాప. ఎనిమిదో తరగతి పిల్ల మొహానికి సన్‌స్క్రీన్ రాసుకుంటే ముంచుకొచ్చే ప్రమాదం ఏమీ లేదు. ఆక్సీబెంజోన్ లేనిది, సెంటు లేనిది కొనివ్వండి, సరిపోతుంది. నా భయం దాని గురించి కాదు. మీ సన్‌స్క్రీన్ ట్యూబు ఎక్కడుందో ఆ మంగు క్రీమూ అక్కడే, అద్దం ముందే ఉంటుంది కదా? దాంతో అమ్మ మొహం తెల్లబడిందని ఆ పిల్ల కళ్ళారా చూసింది. ఇవాళ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, కోప్పడకుండా, అది కూడా రాసుకుంటోందేమో అడగండి.